పడవ మోటారు కూసినపుడు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేటి సీమలో వానకాలము వచ్చినచో నీటిదారులే దారులగుట క్రొత్త సంగతి కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు నీరు కొల్లేట చేరును. అక్కడినుండి ఆకివీడు, కలిదిండి ప్రాంతముల మీదుగా సాగు ఉప్పుటేటి వెంట సముద్రమును కలియును. ఒకప్పుడు ఈ నీటిపై తాటిదోనెయు, గెడవేయు మనిషి కండబలమును చాలియుండెడివి. ఇప్పుడు వాటి సరసన, పడవ వెనుక పలకకు బిగించు ఔట్‌బోర్డు మోటారు కూడ వచ్చి చేరినది. వరద సహాయ దళముల పడవలకు ఇదియే ప్రాణము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక పేటలు మునిగినపుడు, ఇండ్లలో చిక్కుకొన్న జనులను తరలించుటకు ఇట్టి పడవలు ఎంత అవసరమైనవో మనమందరము ఎరుగుదుము.

ఇట్టి మోటారు నడుచుచుండగా ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా కూయును. కొన్నింటిలో కూతతోపాటు ఎఱ్ఱదీపము వెలుగును. కొన్నింటిలో వేగము తనంతట తానే తగ్గిపోవును. ఆ క్షణమున పడవవారు సాధారణముగా రెండు పనులలో ఒకటి చేయుదురు. కొందరు, రేవు దగ్గరనే యున్నది గదా యని అట్లే పోనిత్తురు. మరికొందరు, ఈ కూత ఎప్పుడును ఉండునదే యని దాని తీగను లాగివేయుదురు. ఈ రెండును ప్రమాదకరములే. హెచ్చరిక అబద్ధమని కొలిచి రుజువు చేయువరకు అది నిజమేయని నమ్మవలెను. ఈ ప్రసంగమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. తక్కినదంతయు ఆ రుజువు ఎట్లు చేయవలెనో చెప్పుటయే.

ఆయిలు ఎందుకు?

మోటారు పూర్తి వేగమున నున్నపుడు దాని క్రాంకుషాఫ్టు నిమిషమునకు 5,000 సార్లకు పైగా తిరుగును. అనగా సెకనుకు 80 సార్లకు మించి యన్నమాట. అంత వేగమున రాచుకొను లోహభాగముల నడుమ, వెండ్రుకకన్న పలుచనైన ఆయిలు పొర యొకటి నిలిచియుండును. లోహము లోహమును తాకకుండ కాపాడునది ఆ పొరయే. అది చెదరినచో రాపిడివలన వేడి పుట్టును. వేడికి పిస్టను వ్యాకోచించి సిలిండరు గోడను పట్టివేయును. దీనినే మెకానిక్కులు ‘ఇంజను సీజయినది’ అందురు. ఇందుకు గంటలు పట్టవు. బరువు లాగుచున్న ఇంజనుకు ఆయిలు అందనిచో కొద్ది నిమిషములలోనే తీరని నష్టము కలుగును. ఆ తరువాత లక్ష రూపాయల మోటారైనను ఇనుపముక్కయే. నడి ఏటిలో, ఎదురు ప్రవాహమున అట్లు జరిగినచో నష్టము మోటారుతో ఆగదు. పడవలోనివారి ప్రాణములకే ముప్పు వచ్చును.

మీ మోటారు ఏ జాతిది?

నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో తన ఔట్‌బోర్డు మోటారును అమ్మకమునకు తెచ్చెను. నాటినుండి ఎన్నో మార్పులు జరిగినవి. అయినను ఆయిలు అందు పద్ధతినిబట్టి నేటి మోటార్లను మూడు తెగలుగా చూడవచ్చును. హెచ్చరికను అర్థము చేసికొనుటకు ముందు మనది ఏ తెగదో తెలియవలెను.

మొదటి తెగ: పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయు చిన్న టూస్ట్రోకు మోటార్లు. వీటిలో ఆయిలు ప్రత్యేకముగా నిలువయుండు చోటు లేదు. ఇందనేకములకు 50 పాళ్ళ పెట్రోలునకు 1 పాలు ఆయిలు చొప్పున కలుపుదురు. 10 లీటర్ల పెట్రోలునకు 200 మిల్లీలీటర్లు అగును. ఆయిలు కలుపుట మరచినచో సాధారణముగా ఈ మోటారు కూయదు, దీపము చూపదు, నేరుగా చెడిపోవును. ఇక్కడ హెచ్చరిక చేయవలసినది కలిపెడి మనిషి జ్ఞాపకమే. కనుక ఆయిలు కలిపిన డబ్బాకు రంగు గుర్తు పెట్టి, కలపని పెట్రోలు డబ్బాను దానికి దూరముగా ఉంచుట మేలు.

రెండవ తెగ: ఆయిలునకు వేరే ట్యాంకును, దానిని కొలతగా అందించు పంపును గల టూస్ట్రోకు మోటార్లు. ట్యాంకులో అయస్కాంతము అమర్చిన తేలుడు బిళ్ళ యుండును. ఆయిలు తగ్గినకొలది బిళ్ళ దిగి, ఒక మట్టమున స్విచ్చిని కలిపి బజరును మ్రోగించును. కొన్నింటిలో పడవలో ఒక పెద్ద ట్యాంకు, మోటారు పైన మరియొక చిన్న ట్యాంకు ఉండును. పెద్దదానిలో ఆయిలు నిండుగానున్నను, అక్కడినుండి చిన్నదానికి ఎక్కించు పంపుగాని గొట్టముగాని పనిచేయనిచో హెచ్చరిక వచ్చును.

మూడవ తెగ: ఫోర్‌స్ట్రోకు మోటార్లు. కారు ఇంజనువలెనే వీటికి క్రింద ఆయిలు చాంబరు ఉండును. పంపు ఆ ఆయిలును ఒత్తిడితో భాగములకు నెట్టును. ఇక్కడ హెచ్చరిక గమనించునది ప్రధానముగా ఆయిలు మట్టమును కాదు, ఒత్తిడిని. ఈ భేదమును తప్పక గుర్తుంచుకొనవలెను. చాంబరులో ఆయిలు నిండుగనున్నను ఒత్తిడి లేకపోవచ్చును.

మొదటి నిమిషము

కూత వినబడినంతనే వేగము తగ్గించవలెను. తగ్గించుచునే మోటారు ప్రక్కనుండి వెలువడు సన్నని నీటిధారను చూడవలెను. అది చల్లార్చు నీరు ఇంజనులో తిరుగుచున్నదని తెలుపు గుర్తు. ఏలయనగా అనేక మోటార్లలో ఆయిలునకును, అధికమైన వేడికిని బజరు ఒక్కటే. కొన్ని తయారీలలో ఆగి ఆగి వచ్చు కూతకు ఆయిలు తగ్గినదనియు, ఎడతెగని కూతకు ఇంజను వేడెక్కినదనియు అర్థము. కాని ఇది అన్నింటికి వర్తించు సూత్రము కాదు. మీ మోటారుతో వచ్చిన పుస్తకములో వ్రాసినదే మీకు ప్రమాణము.

కొల్లేటిలో ఈ పరీక్షకు ప్రత్యేకమైన అవసరమున్నది. ఇక్కడ గుర్రపుడెక్క, నాచు, కిక్కిస ఆకులు, ఒండ్రుమట్టి మోటారు అడుగుననున్న నీటి జల్లెడను తరచుగా మూసివేయును. నీటిధార ఆగిపోయియున్నచో మొదట అనుమానించవలసినది ఆయిలును కాదు, ఈ చెత్తనే. మోటారు ఆపి, పైకి లేపి, జల్లెడను శుభ్రము చేయవలెను. జల్లెడ బాగుగనున్నను ధార రానిచో, లోపలి నీటిపంపు రబ్బరు రెక్కలు అరిగియుండవచ్చును.

ధార చక్కగా వచ్చుచు కూత ఆగనిచో ఆయిలునే అనుమానించి మోటారు ఆపవలెను. అయితే ఆపుటకు ముందు ఒక్కసారి చుట్టుప్రక్కల చూడవలెను. ప్రవాహము పడవను వంతెన స్తంభముమీదికిగాని, తూము వైపునకుగాని లాగు చోట మోటారును చటాక్కున ఆపరాదు. నిదానపు వేగముతో ఒడ్డునకు చేర్చి, గెడగ్రుచ్చిగాని లంగరు వేసిగాని నిలిపి ఆపవలెను. ఇంజను పోయినచో మరియొకటి కొనవచ్చును. అందుచేత మోటారున్న పడవయందును గెడ, తెడ్డు, లంగరు, త్రాడు ఉండితీరవలెను.

కొలిచి చూచుట

పడవ నిలిచిన పిమ్మట పరీక్ష మొదలు. ఫోర్‌స్ట్రోకు మోటారును నిటారుగా దించి, కొన్ని నిమిషములు ఆగి, కొలతపుల్లను తీసి తుడిచి మరల పెట్టి చూడవలెను. మోటారు వాలియున్నపుడు చూచిన కొలత కొలత కాదు. ఆపినవెంటనే చూచినను పైభాగములనుండి ఆయిలు దిగదు గనుక మట్టము తక్కువగా కనబడును. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. తక్కువైనచో తగిన ఆయిలు కొంచెము కొంచెముగా పోసి, మరల కొలిచి, అప్పుడు మోటారు నడిపి చూడవలెను.

పై గీతను దాటియున్నను క్షేమమని తలచరాదు. ఎక్కువైన ఆయిలును తిరుగు భాగములు చిలికి నురుగు చేయును. పంపు నురుగును నెట్టునుగాని నురుగునకు ఒత్తిడి నిలువదు. కావున ‘నిండుగ పోసితిమి, అయినను కూయుచున్నది’ అనువారి మోటార్లలో కొన్నింటికి రోగము ఆ నిండుదనమే.

మరియొక సంగతి. పోయకుండగనే ఆయిలు మట్టము పెరిగియున్నచో, పుల్లను వాసన చూడవలెను. పెట్రోలు వాసన వచ్చినచో పెట్రోలు చాంబరులోనికి దిగుచున్నదన్నమాట. ఎక్కువసేపు నిదానముగా నడుపు మోటార్లలోను, ఇంధనపు పంపు పొర చిరిగినవాటిలోను ఇట్లు జరుగును. పెట్రోలు కలిసిన ఆయిలు పలుచనై ఒత్తిడి నిలుపలేదు. ఆయిలు పాలవలె తెల్లబడినచో అందు నీరు చేరినది. ఈ రెండు సందర్భములలోను పైనుండి క్రొత్త ఆయిలు పోయుట చికిత్స కాదు. పాతదానిని తీసివేసి కారణమును వెదకవలెను.

ట్యాంకు గల టూస్ట్రోకు మోటారులో మొదట ట్యాంకును కంటితో చూడవలెను. ఆయిలు తక్కువగనుండి, పడవ వంగినపుడు మాత్రమే కూసినచో అది తొలి హెచ్చరిక. నింపినచో తీరును. నిండుగనున్నను కూసినచో బిళ్ళ జిగురు పట్టి దిగువన చిక్కుకొనియుండవచ్చును, లేదా అడుగుననున్న జల్లెడ మూసికొనియుండవచ్చును. వానకాలమున మూత సరిగా బిగియనిచో ట్యాంకులోనికి నీరు దిగును. నీరు ఆయిలుకన్న బరువు గనుక అడుగున చేరి, ఇంజనుకు పోవలసిన ఆయిలునకు అడ్డుపడును. అట్టి ట్యాంకును పూర్తిగా ఖాళీచేసి ఆరబెట్టవలెను.

ఇందొక మెలిక యున్నది. ట్యాంకులోని బిళ్ళ మట్టమును మాత్రమే చెప్పును. పంపు ఆయిలును ఇంజనుకు నిజముగా అందించుచున్నదా లేదా యనునది చెప్పలేదు. అనేక మోటార్లలో దానిని చెప్పు వేరే ఏర్పాటు ఉండదు. దీనికి ఖర్చులేని ఉపాయము కలదు. ట్యాంకు ప్రక్కన పెన్సిలుతో ఒక గీత గీచి, పోసిన పెట్రోలు లెక్క వ్రాసికొనవలెను. పూర్తి వేగమున సుమారు 50 లీటర్ల పెట్రోలునకు ఒక లీటరు ఆయిలు దిగవలెను. నిదానముగా నడిపినచో కొంత తక్కువ దిగును. పెట్రోలు ఖర్చయి ఆయిలు గీత కదలనిచో, బజరు మౌనముగ నున్నను ఆ మోటారు నడుపదగినది కాదు.

ఏ ఆయిలు?

ఇంజనాయిలంతయు ఒక్కటియే యను భ్రమ మన ప్రాంతమున కొంత కలదు. నీటితో చల్లబడు టూస్ట్రోకు పడవ మోటారునకు డబ్బాపై టి.సి.-డబ్ల్యు.3 అను గుర్తు గల ఆయిలు వాడవలెను. మోటారుసైకిలు టూస్ట్రోకు ఆయిలు గాలితో చల్లబడు ఇంజను వేడికి తగినట్లు చేసినది. దానిలోని కొన్ని పదార్థములు పడవ మోటారులో బూడిదగా మిగిలి ప్లగ్గులపై పేరుకొనును. ఫోర్‌స్ట్రోకు పడవ మోటారు ఆయిలునకు గుర్తు ఎఫ్.సి.-డబ్ల్యు. ఇక ప్రొపెల్లరు ఇరుసు దగ్గర గేరుపెట్టెలో ఉండునది మరియొక ఆయిలు. ఈ హెచ్చరికలు దానిని గమనించవు. అది తెల్లబడినదో లేదో చూచు బాధ్యత యజమానిదే.

అబద్ధపు హెచ్చరికను పట్టుకొనుట

హెచ్చరికలు అబద్ధములు కావా? అగును. ఉప్పుటేటిలో వేసవియందు సముద్రపు ఉప్పునీరు లోపలికి ఎగదన్నును. ఆ చెమ్మకు తీగల కొనలు, స్విచ్చి ముళ్ళు చిలుము పట్టును. తీగపై రబ్బరు ఒరసికొని లోపలి రాగి ఇంజను లోహమును తాకినచో, ఆయిలు ఒత్తిడి చక్కగనున్నను బజరు మ్రోగును.

సాధారణమైన ఫోర్‌స్ట్రోకు ఏర్పాటులో ఒత్తిడి స్విచ్చికి ఒక్కటే తీగ యుండును. ఒత్తిడి లేనపుడు స్విచ్చి ఆ తీగను ఇంజను లోహముతో కలుపును, బజరు మ్రోగును. కనుక ఇంజను ఆపి, ఆ తీగను స్విచ్చినుండి ఊడదీసి, దేనికిని తగులకుండ పట్టుకొని, తాళము మాత్రము త్రిప్పి చూడవలెను. అప్పుడును ఎడతెగక మ్రోగుచున్నచో దోషము తీగలో నున్నది. మ్రోత ఆగినచో తీగ మంచిది. అయితే స్విచ్చి చెడినదో, నిజముగా ఒత్తిడియే లేదో ఇంకను తెలియలేదు. చాలమంది ఇక్కడనే ఆగి, ‘స్విచ్చి పోయినది’ అని తీర్పు చెప్పుదురు. అది తొందరపాటు. స్విచ్చిని విప్పి, దాని స్థానమున ముల్లుగల ఒత్తిడి మీటరును బిగించి, ఇంజనును నడిపి చూచినపుడే నిజము తేలును. మీటరు చూపిన ఒత్తిడి పుస్తకములో చెప్పినంత యున్నచో స్విచ్చిని మార్చవలెను. లేనిచో ఫిల్టరు మూసికొనుట, పంపు అరుగుట, బేరింగులు వదులగుట మొదలగు కారణములను మెకానిక్కు వెదకవలెను. ఇంజను వేడెక్కిన పిదప నిదానమున నున్నపుడే కూసి, వేగము పెంచగనే ఆగు కూతకును ఈ మీటరే తీర్పరి. ఆ కూత అనేకసార్లు అరుగుదలకు తొలి సూచన.

క్రొత్త మోటార్లలో కొన్నింటికి చిన్న కంప్యూటరు అమర్చియుండును. వాటిలో తీగ ఊడదీసినను అదియే ఒక దోషముగా నమోదగును. అట్టివాటిని కంపెనీ పరికరముతో చదివించుటయే ఉచితము.

కూయని మోటారు

కూయు మోటారుకన్న కూయవలసినపుడు కూయని మోటారు ఎక్కువ భయంకరము. తాళముతో నడుచు మోటార్లలో అనేకము తాళము త్రిప్పగనే ఒకసారి పొట్టిగా కూయును, లేదా దీపమును క్షణకాలము వెలిగించి ఆర్పును. అది హెచ్చరిక యంత్రము తనను తాను పరీక్షించుకొనుట. ప్రతిదినము ప్రయాణమునకు ముందు ఆ పొట్టికూతను వినవలెను. అది వినబడనినాడు బజరు చెడియుండవచ్చును, తీగ తెగియుండవచ్చును, లేదా ఎవరో విసుగుపడి లాగివేసి యుండవచ్చును. అట్టి మోటారుతో జనులను ఎక్కించుకొని వరదనీటిలోనికి పోవుట, కన్నులకు గంతలు కట్టుకొని ఎడ్లబండి తోలుటవంటిది.

ఈ న్యాయము పడవలకే పరిమితము కాదు. కలిదిండి, కైకలూరు ప్రాంతముల చేపల చెరువులకును రొయ్యల చెరువులకును జనరేటరు ఎంత ముఖ్యమో రైతులకు మేము చెప్పనక్కరలేదు. రాత్రివేళ కరెంటు పోయి నీటిని చిలుకు చక్రములు ఆగినచో నీటిలో ప్రాణవాయువు తగ్గి పంట చేజారును. ఆ జనరేటరు ఇంజనుకును సాధారణముగా ఆయిలు తగ్గినపుడు తనంతట తానే ఆగు ఏర్పాటుండును. ‘మాటిమాటికి ఆపివేయుచున్నది’ అని దాని తీగను ప్రక్కకు తప్పించినవారు, ఆ రాత్రికి చెరువును కాపాడుకొన్నను, మరునాటి రాత్రికి జనరేటరే లేకుండ చేసికొందురు.

పడవలో ఉండవలసినవి

తగిన ఆయిలు సీసా ఒకటి, గరాటు ఒకటి, శుభ్రమైన గుడ్డ, ప్లగ్గు విప్పు పానా. ఇవిగాక, మోటారు పుస్తకములోని కూతల అర్థములను తెలుగులో ఒక అట్టపై వ్రాసి, తడవకుండ ప్లాస్టికు సంచిలో పెట్టి, చుక్కాని పట్టువాని కంటికెదురుగ కట్టవలెను. పుస్తకము ఇంట్లో బీరువాలోనుండి, మోటారు ఏటిలో కూసినచో ప్రయోజనమేమి? ఉప్పునీటిలో తిరిగి వచ్చిననాడు మంచినీటితో మోటారును కడిగి, తీగల కొనలను తుడిచి ఆరనిచ్చినచో అబద్ధపు కూతలు చాలవరకు తగ్గును.

తుపాను వచ్చునపుడు మచిలీపట్నము రేవులో ప్రమాద సూచిక ఎగురవేయుట మన తీరవాసులందరికి తెలిసినదే. ఆ వార్తను రేడియోలో విన్నవారు పడవలను ఒడ్డునకు లాగి కట్టుకొందురు. సూచికను దింపివేసినచో తుపాను తప్పునని ఎవరును అనుకొనరు. మోటారు కూతయు అట్టి సూచికయే. రానున్న వానకాలమునకు ముందే పడవగల ప్రతి కుటుంబమువారు ఒక పూట కేటాయించి, తాళము త్రిప్పి పొట్టికూత వినబడుచున్నదో లేదో, ఆయిలు మట్టమెంతయున్నదో, తీగలెట్లున్నవో చూచుకొందురుగాక. గట్టుమీద గడిపిన ఆ పూట, నడి ఏటిలో పిల్లాపాపలతో చిక్కుకొనకుండ కాపాడవచ్చును.